ప్రింటరు మోడల్ చెప్పండి, లైనక్స్ సంగతి చెప్తాను

(నెల్లూరులో చిన్న వ్యాపారులు, డీటీపీ షాపులవాళ్ళు, డిగ్రీ విద్యార్థుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరస ఖాళీగానే ఉంది. ఇక్కడెవరికీ పరీక్ష పెట్టను.

2025 అక్టోబరు 14 దాటినప్పటి నుంచి మా షాపుకొచ్చేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, విండోస్ టెన్ అయిపోయిందంట గదా, మా సిస్టమ్ పారెయ్యాల్సిందేనా?" పారెయ్యక్కర్లేదు. ఆ రోజుతో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది, అంతే. సిస్టమ్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. సొంతానికి వాడుకునేవాళ్ళకు 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చారు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చేరాలి. ఆ తర్వాత ఏంది అన్నదే అసలు సంగతి. విండోస్ 11కి పోదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరు అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి పైవి కావాలి. ట్రంకు రోడ్డులో, స్టోన్‌హౌస్‌పేటలో బిల్లులు కొట్టే సిస్టమ్‌లు చాలావరకు దానికి ముందువి.

అప్పుడు పక్కనున్న కుర్రాడు చెప్తాడు: "లైనక్స్ వేసుకో మామా, ఫ్రీ, వైరస్ రాదు, రాకెట్‌లా పోద్ది." లైనక్స్ అంటే విండోస్‌కి బదులు సిస్టమ్‌ని నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్. వేయించుకుంటారు. వారం తిరక్కుండా మళ్ళీ మోసుకొస్తారు: "ఈ దరిద్రం తీసేసి నా విండోస్ నాకు వెయ్యి నాయనా." నేను రెండూ వేస్తాను, రెండిటికీ కూలి తీసుకుంటాను. కాబట్టి ఎవరి తరఫునా వకాల్తా లేదు. (నవ్వులు) కానీ ఇన్నాళ్ళు చూశాక నాకర్థమైంది ఒకటుంది. వేసుకోమన్నవాడు చెప్పే గొప్పలు సగం తప్పు. తీసెయ్యమన్నవాడు చెప్పే తిట్లూ సగం తప్పే. నిజమైన ఇబ్బందులు వేరే ఉన్నాయి, వాటిని ఇద్దరూ చెప్పరు.

ముందు గొప్పల సంగతి చూద్దాం, ఎందుకంటే నష్టం అక్కడే మొదలవుతుంది.

"ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తాయి" అంటారు. నిజమే, 2017 నవంబరు జాబితా నుంచి అన్నీ అదే. 2021లో మార్స్ మీద ఎగిరిన చిన్న హెలికాప్టర్ ఇంజెన్యుయిటీలోనూ లైనక్స్ ఉంది. మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ అదే. అన్నీ నిజాలే. అయితే రైస్ మిల్లు గుమాస్తాకి దానివల్ల ఒరిగేదేంటి? మార్స్ మీద హెలికాప్టర్ ఎగిరినా ఆయన లెక్కలు రాసే టాలీ ఎగరదు గదా. ఇలాంటి మాటలతో ఎవర్నీ ఒప్పించాలని చూడకండి.

రెండోది, "పాత సిస్టమ్ రాకెట్ అయిపోద్ది". తిరిగే హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో ఏది వేసినా బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ముక్కుతుంది, మూలుగుతుంది. ఆ ర్యామ్ తినేది బ్రౌజరు. వేగం కావాలంటే ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు, వేయించండి. తేడా అక్కడ కనిపిస్తుంది. లైనక్స్‌లో మింట్, ఉబుంటు, డెబియన్ అని రకాలున్నాయి. ఆ తర్వాత మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం వేస్తే తేలిగ్గా నడుస్తుంది. కానీ అటక మీద నుంచి పెంటియం 4 దించుకుని రాకండి. 32 బిట్ సిస్టమ్‌లను ఉబుంటు ఎప్పుడో వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో డెబియన్ కూడా వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది.

మూడోది "ఫ్రీ". ఈ మాట మన ఊళ్ళో పనిచెయ్యదు. ఎందుకో మీకూ తెలుసు. మన దగ్గర విండోస్‌కి మాత్రం డబ్బులు కట్టిందెవరు? (నవ్వులు) సిస్టమ్ అసెంబుల్ చేసినవాడు ఒక యాక్టివేటరు, అంటే డబ్బు కట్టకుండానే విండోస్‌ను అసలుదిలా నడిపించే ప్రోగ్రాము, నొక్కి ఇస్తాడు, అయిపోయింది. అది వేసేముందు యాంటీవైరస్ ఆపెయ్యమని ఎందుకు అడుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? దొంగ యాక్టివేటర్లలో చాలావాటి వెంట ఇంకేదో లోపలికి దిగుతుంది. అదే సిస్టమ్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. లైనక్స్ ఫ్రీ కావడం కంటే, దాన్ని నడపడానికి ఎవడో తెలియనివాడు రాసిన యాక్టివేటరు అక్కర్లేకపోవడమే నా లెక్కలో పెద్ద సంగతి.

ఇక వైరస్. "లైనక్స్‌కి వైరస్ రాదు" అన్నది అబద్ధం. 2024 మార్చిలో ఏం జరిగిందో చెప్తాను. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఒకడు ఏళ్ళ తరబడి మంచివాడిలా పనిచేసి, అందరి నమ్మకం సంపాదించి, చివరికి దొడ్డిదారి ఒకటి పెట్టాడు. అది ఊరంతా పాకి ఉంటే లోకంలో సర్వర్ల తాళాలు వాడి చేతికి పోయేవి. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. తన సిస్టమ్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వుతూ పోతే బయటపడింది. పరీక్షల్లో ఉన్న వెర్షన్లలోకి వచ్చింది గానీ, జనం వాడే స్థిరమైన వెర్షన్లలోకి పోకముందే ఆపారు. ఇంతకీ ఆ ఇంజినీరు పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో! (నవ్వులు)

అయితే మన జిరాక్స్ షాపులకు కావలసిన వైరస్ కథ అది కాదు. పెన్‌డ్రైవు వైరస్. హాల్‌టికెట్ ప్రింటు తీసుకోవాలని ఒక పిల్ల పెన్‌డ్రైవు తెస్తుంది. పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. నొక్కితే మీ సిస్టమ్‌కి అంటుకుంటుంది. ఆ తర్వాత షాపుకొచ్చే ప్రతి పెన్‌డ్రైవుకీ మీరే అంటిస్తారు. అదే పెన్‌డ్రైవు లైనక్స్‌లో పెట్టండి. విండోస్‌లో దాచిపెట్టిన ఫైళ్ళు ఇక్కడ మామూలుగానే కనిపిస్తాయి. పేరు లేని ఒక ఫోల్డరుంటుంది, పిల్ల ఫైళ్ళన్నీ అందులో భద్రంగా ఉంటాయి. పక్కన షార్ట్‌కట్లు, వైరస్ ఉండే ఒక వీబీఎస్ ఫైలు ఉంటాయి. అవి విండోస్ కోసం రాసినవి కాబట్టి ఇక్కడ చచ్చిన పాముల్లా పడుంటాయి. వాటిని డిలీట్ చేసి, ఫైళ్ళు బయటికి లాగి ఇస్తే ఆ పిల్ల మొహం చూడాలి. నెట్ సెంటర్ నడిపేవాళ్ళు మిగతా అన్ని సిస్టమ్‌లూ విండోస్‌లోనే ఉంచుకున్నా, పెన్‌డ్రైవులు పెట్టేది మాత్రం ఒక లైనక్స్ సిస్టమ్‌లో పెట్టుకోండి. ఓటీపీ చెప్పించుకుని డబ్బులు కొట్టేసేవాడికి మాత్రం మీ సిస్టమ్‌లో ఏముందో అక్కర్లేదు, అది గుర్తుపెట్టుకోండి.

సరే, ఇప్పుడు తిట్ల సంగతి. "అన్నీ కమాండ్లు కొట్టాలంట గదా, నల్ల స్క్రీను" అంటారు. ఇది పాత మాట. మింట్‌లోనో ఉబుంటులోనో మెనూ ఉంటుంది, సాఫ్ట్‌వేర్లకు ఫోన్లో ప్లే స్టోర్ లాంటిదే ఉంటుంది. కమాండ్ అంటే ఏంటో తెలియకుండా ఏళ్ళు గడిపేయొచ్చు. ఏదైనా చెడిపోయినప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే పరిష్కారం కమాండ్ రూపంలో దొరుకుతుంది, భయం అక్కడ పుడుతుంది. అర్థం కాకుండా కాపీ కొట్టి అతికించకండి, అంతే. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

గేములు? ఆడే పిల్లలకు ముందే తెలుసు. స్టీమ్‌లో చాలావరకు ఆడతాయి, వాలరెంట్ ఆడదు. దాటేద్దాం.

నేను నిలబడాలనుకున్నది డీటీపీ దగ్గర. ఇక్కడ సగంమంది ఆ పనిలోవాళ్ళే ఉన్నట్టున్నారు. మీ ఫిర్యాదు అపోహ కాదు, నూటికి నూరుపాళ్ళు నిజం. లైనక్స్ ప్రేమికులెవరూ మీ షాపులో ఒక సాయంత్రం కూర్చోలేదు, అందుకే వాళ్ళకది తెలియదు.

మీ పనంతా పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్, కోరల్ డ్రా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పాతికేళ్ళ కిందటి సాఫ్ట్‌వేర్ మీద ఈ రోజుకీ మన జిల్లాలో పెళ్ళికార్డులు, కర్మ పత్రికలు, కరపత్రాలు పోతున్నాయి. దానికి యూనికోడ్, అంటే ఏ భాష అక్షరానికైనా అన్ని సిస్టమ్‌లలో ఒకే నంబరు ఇచ్చే పద్ధతి, తెలియదు. అను ఫాంట్లూ యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో మన అక్షరాల ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వత్తు ఇంకో గదిలో ఉంటాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' అని ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు కనిపించేది అందుకే. ఫాంటు ఫైలు తీసుకెళ్ళి లైనక్స్‌లో పెట్టొచ్చు, అక్షరాలు కనిపిస్తాయి. కానీ టైపు కొట్టించే స్క్రిప్ట్ మేనేజరు విండోస్‌ది. అది రాదు. వైన్ అని ఒకటుంది, విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపిస్తుంది. కొన్ని నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. పెళ్ళివాళ్ళు కౌంటర్ ముందు నిలబడి ఉన్నప్పుడు మొరాయిస్తే మీరేం చేస్తారు?

కాబట్టి ఆ సిస్టమ్ జోలికి పోవద్దు. దాన్ని అలాగే ఉంచండి. కుదిరితే ఇంటర్నెట్ తీగ పీకెయ్యండి, ప్రింటుకు మాత్రం వాడుకోండి. మీ పాత కార్డుల ఫైళ్ళన్నీ ఇంకో డిస్కులో కాపీ పెట్టుకోండి.

కొత్తగా చేసే పని సంగతి వేరు. ఇప్పుడు పార్టీలు వాట్సాప్‌లోనే మ్యాటర్ పంపిస్తున్నారు, అది యూనికోడ్. దాన్ని మీరు మళ్ళీ అనులో కొడుతున్నారు, లేదా కన్వర్టర్‌లో వేసి తప్పులు దిద్దుతున్నారు. ఒక్కో కార్డుకి ఎంత టైము పోతోందో మీకే తెలుసు. పేజ్‌మేకర్ లాంటి పని చేసే స్క్రైబస్‌లో, 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా పడుతున్నాయి. కోరల్ డ్రా లాంటి ఇంక్‌స్కేప్‌లోనూ పడతాయి. అతికించిన మ్యాటర్ అతికించినట్టే ఉంటుంది. ఫాంట్లు లేవంటారా? పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, మండలి, ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు. ఊరికే దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కార్డు మీద పెద్దక్షరాలకు రామభద్ర బాగుంటుంది, చూడండి. అయితే అనులో ఉన్నన్ని వంకర్లు, సొగసులు వీటిలో లేవు, ఆ లోటు ఉంది. టైపింగ్ విషయానికొస్తే కీబోర్డు పద్ధతులు మార్చుకునే ఐబస్ అని ఉంటుంది, అందులో ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డు కూడా దొరుకుతాయి. అనులో యాపిల్ మీద చెయ్యి తిరిగినవాళ్ళకు ఒకటి రెండు అక్షరాల దగ్గర తడబాటు ఉంటుంది, మిగతాది దగ్గరగానే ఉంటుంది.

ఆఫీసు ఫైళ్ళ గురించి ఒక మాట. లైనక్స్‌లో ఎంఎస్ ఆఫీసుకు బదులు వాడేది లిబ్రే ఆఫీస్. "లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే నా ఉత్తరం రెండో పేజీలోకి జారిపోయింది" అన్నది రోజూ వినే ఫిర్యాదు. చాలాసార్లు తప్పు ఫాంటుది. విండోస్‌లో తెలుగు కొడితే మామూలుగా గౌతమి, నిర్మలా లాంటి విండోస్ ఫాంట్లు పడతాయి, లైనక్స్‌లో అవి ఉండవు. ఇంకో ఫాంటు పడేసరికి వరసలు మారిపోతాయి. ఇంగ్లిష్‌కైతే క్యాలిబ్రి కొలతలతోనే తయారైన కార్లిటో అని ఒక ఫాంటు ఉంది, అది వేసుకుంటే సర్దుకుంటుంది. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే లెక్కలు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు, రాయించుకున్న రొయ్యల చెరువులవాళ్ళు, మేత లెక్కలు వాటిలో ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. ఆ మాక్రోలు ఇక్కడ పూర్తిగా నడుస్తాయన్న భరోసా లేదు. టాలీ విండోస్‌దే. జీఎస్టీ రిటర్న్, ఈవే బిల్లు మాత్రం బ్రౌజర్‌లో చేసే పనులు, వాటికి ఏదైనా ఒకటే. సొంత పేరుతో వ్యాపారం చేసేవాళ్ళు రిటర్న్‌ను ఓటీపీతో ముగించెయ్యొచ్చు. కంపెనీలు డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టాలి. ఆ డాంగిల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు, లైనక్స్‌కి ఉందో లేదో ముందు కనుక్కోండి. వేలిముద్ర మిషను పెట్టుకుని ఆధార్ డబ్బులు ఇచ్చేవాళ్ళు అయితే అసలు తొందరపడొద్దు.

ఇప్పుడు ప్రింటరు. నేను సిస్టమ్ చూడకముందే ప్రింటరు మోడల్ అడుగుతాను. హెచ్‌పీ అయితే చాలావరకు పెట్టగానే పట్టుకుంటుంది, దానికి హెచ్‌పీలిప్ అనే డ్రైవరు ఉంది. ఎప్సన్ ఇంకు ట్యాంకులకు డ్రైవరు దొరుకుతుంది, బ్రదర్ వాళ్ళూ ఇస్తారు. కష్టమంతా జిరాక్స్ షాపుల్లో కనిపించే కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లతో. నలుపు ఒక్కటే, చవక, టోనరు ఎక్కడైనా నింపుతారు. అవి సొంత భాషలో తప్ప మాట్లాడవు. పాత డ్రైవరు ఎక్కించి, కుస్తీపట్టి నడిపించొచ్చు, రేపు ఇంకో అప్‌డేట్‌తో మళ్ళీ ఆగొచ్చు. అలాంటి ప్రింటరు మీద రోజుకి రెండు వందల కాపీలు తీసేవాళ్ళు లైనక్స్‌కి మారితే మారిన రోజే నన్ను తిడతారు. వాళ్ళకు నేను వెయ్యను.

వైఫై డాంగిల్ కూడా అంతే, ఆన్‌లైన్‌లో చవకగా కొన్నది పట్టుకోకపోవచ్చు. అప్పుడు కంగారుపడి తీసెయ్యకండి. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, వెంటనే నెట్ వస్తుంది. దాంతో డ్రైవరు దించుకోవచ్చు.

విండోస్, లైనక్స్ రెండూ ఒకే సిస్టమ్‌లో వేసుకున్నవాళ్ళ ఫిర్యాదు ఒకటి భలే ఉంటుంది. "లైనక్స్ వేసినకాడ్నించి విండోస్‌లో టైము తప్పు చూపిస్తోంది, బ్యాటరీ పోయింది మార్చు" అని. ఎంత తప్పు అంటే సరిగ్గా అయిదున్నర గంటలు వెనక. అదేం లెక్కో తట్టిందా? గ్రీనిచ్‌కీ మనకీ ఉన్న తేడా. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ గ్రీనిచ్ టైము పెడుతుంది, విండోస్ దాన్ని మన టైము అనుకుని చదువుతుంది. లైనక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. బ్యాటరీ కొనకండి. అలాగే విండోస్ డ్రైవులో లైనక్స్ నుంచి ఏదీ సేవ్ కాకపోతే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, డ్రైవుకు తాళం వేసుకుని కునుకు తీస్తుంది.

డిగ్రీ పిల్లలకు. "సార్, ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రాము లైనక్స్‌లో నడవట్లేదు." చూపించమంటే పైనే కోనియో హెడరు, మెయిన్ మొదట్లో క్లియర్ స్క్రీను, చివర గెట్‌సీహెచ్. అవి సీ భాషలో లేవు నాయనా, టర్బో సీ అనే డాస్ కాలపు కంపైలరు సొంత సరుకు. నీలం స్క్రీను మీద నేర్పుతున్నారు, మీరేం చేస్తారు. ఆ మూడూ తీసేసి, వాయిడ్ మెయిన్‌ని ఇంట్ మెయిన్ చేసి లైనక్స్‌లో ఉండే జీసీసీ అనే కంపైలరులో కొట్టండి, నడుస్తుంది. రేపు ఉద్యోగంలో మీరు చూసే సర్వర్లు ఎక్కువగా లైనక్స్‌వే కాబట్టి ఇది ఇప్పుడే అలవాటు చేసుకోండి. కానీ విండోస్‌ను తుడిచెయ్యకండి. ఇంటి దగ్గర కూర్చుని రాసే ప్లేస్‌మెంట్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు కొన్ని లైనక్స్‌లో తెరుచుకోవు. పరీక్ష పావుగంటలో ఉందనగా నాకు ఫోన్ చేస్తే నేనేం చెయ్యలేను.

ఇంక మిగిలింది అందరికంటే పెద్ద ఫిర్యాదు. "చెడిపోతే ఎవరు చూస్తారు?" దీనికి లైనక్స్‌వాళ్ళు "ఇంటర్నెట్‌లో అంతా ఉంది" అంటారు. అదేం జవాబు? ఇందుకూరుపేటలో మేత కొట్టు నడిపే ఆయన రాత్రి తొమ్మిదింటికి ఇంగ్లిష్‌లో వెతుక్కుంటాడా? విండోస్‌కి మన దగ్గర ఉన్న బలం అదే. పక్కింటి ఇంటర్ కుర్రాడికి తెలుసు, బావమరిదికి తెలుసు. కష్టమంతా లైనక్స్‌లోనే ఉందనుకోకండి. కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ళుగా దాని మీదే నేర్చుకుంటున్నారు, వాళ్ళకెవరికీ అది వింతగా లేదు. ఇక్కడ చుట్టుపక్కల తెలిసినవాడు లేడు. అందుకే నేను ఒంటరి షాపుకు వెయ్యడం కంటే, ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే వెయ్యడానికి ఇష్టపడతాను. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని ఉంటుంది, అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా కొడితే నిన్నటి స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు. అది ఆన్ చేసి, ఎలా వాడాలో ఆ ముగ్గురిలో ఒక్కరికైనా నేర్పి పంపిస్తాను.

చూడాలనుకునేవాళ్ళు ఏదీ తుడవక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవులో మింట్ ఎక్కించి, దాని మీద నుంచే ఆన్ చెయ్యొచ్చు, మీ డిస్కు ముట్టుకోదు. అలా ఉన్నప్పుడే మీ ప్రింటరులో ఒక పేజీ తియ్యండి, వైఫై చూడండి, సౌండు చూడండి, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచి లేస్తుందో లేదో చూడండి, తెలుగులో మీ పేరు కొట్టండి. కొత్త ల్యాప్‌టాపులవాళ్ళు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉండొచ్చు, మీకు తెలియకుండానే. బయోస్‌లో, అంటే సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, సెక్యూర్ బూట్ మార్చారంటే తిరిగి విండోస్‌లోకి వెళ్ళేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్ళు మీకే అందవు. ముందు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీ కాగితం మీద రాసుకోండి, తర్వాతే మిగతాది.

మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవులు ఈ బల్ల మీద ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు ఇటు రండి. ప్రింటరు మోడల్ రాసుకొచ్చినవాళ్ళు ఆ చీటీలు ముందు ఇవ్వండి, అవి చూసి ఎవరికి వద్దో ముందే చెప్పేస్తాను.